ఆ మూత ఎవరు తీశారు?

విశాఖపట్నం

అమ్మా, ఆశీస్సులు.

ఇంజను చెడి సముద్రంలో చిక్కుకున్న ఏడుగురి మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. ఛార్జింగ్ అయిపోయిన ఫోనును, రోజూ రాత్రి ఎనిమిదింటికి, వాళ్ళమ్మ మాట్లాడే వేళకు చెవి దగ్గర పెట్టుకునే, బోటులో పనిచేసే ఆ కుర్ర కళాసీ బాగున్నాడు. అలాంటివాడి చేతికి మూడో రోజున కత్తి ఎలా ఇచ్చావు? "ఆకలి ముందు మనిషి పశువే" అన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను. ఆ కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ బోటు మే నెలలో వేటకు వెళ్ళింది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. దొంగచాటుగా వెళ్ళారంటావా, అప్పుడు దూరాన ఓడ కనిపించినా చెయ్యి ఊపడానికి జంకుతారు. అది రాయాలి. లేదా నెల మార్చు.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. ఇంజను చెడిన బోటులో ఏడుగురికి నాలుక పిడచకట్టుకుపోతుంటే, వాళ్ళ కాళ్ళ కింద చేపలు దాచే గదిలో ఐసు ఉందన్న సంగతి నువ్వు మరిచిపోయావు. ఒక తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి నిలబడి చూడు. పది పదిహేను రోజుల వేటకు బయలుదేరే బోటులోకి బియ్యం, డీజిలు, నీళ్ళతోపాటు ఐసును టన్నుల లెక్కన దించుతారు. ఎంత నీచు కంపు కొట్టినా కరిగితే అది ఉప్పులేని నీరే. సముద్రపు నీళ్ళు తాగితే ఆ ఉప్పును బయటికి పంపడానికి ఒంట్లో ఉన్న నీరు కూడా ఖర్చయిపోతుంది. కాబట్టి ఆ ఏడుగురికీ ఐసే ప్రాణం. మరి ఆ గది మూత ఎందుకు తీయలేదు? కథ అక్కడుందమ్మా. ఐసు తోడితే చేప కుళ్ళుతుంది. చేప కుళ్ళితే యజమానికి సమాధానం చెప్పుకోవాలి, తమ వాటాలు పోతాయి. రేపో ఎల్లుండో ఒడ్డు చేరతామని నమ్మే సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, మూడో రోజు కూడా ఆ మూత మీదే కూర్చుంటాడు. పశువుకు అప్పు ఉండదు, వాటా ఉండదు. అవి ఉన్న మనిషి కాబట్టే దాహాన్ని మింగి కూర్చున్నాడు.

మనిషి ప్రాణం మీదికి వచ్చినా తన అలవాట్లను, లెక్కలను అంత సులువుగా వదలడు. ముప్పై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను. 1972లో ఆండీస్ మంచుకొండల్లో విమానం కూలితే, 72 రోజుల తరువాత బయటపడ్డవాళ్ళు 16 మంది. చనిపోయిన తోటివారి మాంసం తినే బతికారు. కానీ ముట్టుకునే ముందు వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు, ప్రార్థించారు, నేను పోతే నన్ను తినండని ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. నీ కథలో ఆ మాటలు ఎక్కడ?

2014 అక్టోబరు 12, హుద్‌హుద్. గాలి ఒక్కసారిగా ఆగితే తుఫాను పోయిందనుకుని మెట్లు దిగాం. కాసేపటికి రెండోవైపు నుంచి విరుచుకుపడింది. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు. నాలుగో రోజు ఎదురింటావిడ ఖాళీ బిందెతో వచ్చింది. వంటింట్లో రెండు బిందెల నీళ్ళు పెట్టుకుని, లేవని చెప్పాను. "పోనీలెండి, మీకూ ఇబ్బందే కదా" అని, ఇంటికి వెళ్ళి నాలుగు కొవ్వొత్తులు తెచ్చిచ్చింది. ఆ వెలుగులోనే అన్నం తిన్నాం. ఆ నీళ్ళే తాగాం. ఆ రాత్రి నేను పశువునైపోయి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు.

దాన్ని కథగా రాసి పంపితే, ఒక సంపాదకుడు కొవ్వొత్తులు తీసేసి బిందె దగ్గర కొట్లాట పెట్టమన్నారు. రక్తం లేకపోతే విపత్తు కథ ఎవరు చదువుతారట! వెనక్కి తీసుకున్నాను. రెండేళ్ళు బీరువాలో ఉంది. ఇప్పుడు పోటీలకు వచ్చే కథల్లోనూ అదే చూస్తున్నాను. ఎంత క్రూరంగా రాస్తే అంత నిజమని ఎవరు నేర్పారో మీ అందరికీ.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ పంపవద్దు. కత్తిని సముద్రంలో పారేయి. హార్బరులో ఒక ముసలి సరంగును పట్టుకుని, ఐసు ఎప్పుడు తోడేవాడివని అడుగు. మూత తీసిన రాత్రి ఎనిమిదింటికి ఆ కుర్రవాడు ఫోను చెవికి ఆనించుకుని వాళ్ళమ్మకు ఏం చెప్పాడో రాసి, నాకు పంపు.