విజయనగరం హాస్టల్లో ఇంటర్ చదివే మా తమ్ముణ్ని ‘ఆడంగోడు’ అని ఏడిపిస్తున్నారు. చచ్చిపోతానంటున్నాడు, ఏం చెయ్యాలి?

ముందు వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇంటికి తీసుకొచ్చేయండి. ‘నిజంగా చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, బయటికి చెప్పుకుంటే కాస్త తేలికపడతాడు. ఇప్పుడే 14416కి, అంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. రాత్రీపగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. పిల్లలకి 1098 కూడా ఉంది.

తర్వాత ప్రిన్సిపాల్‌కి కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి: ఎవరు, ఏ రోజు, ఏమన్నారు. నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది. ‘మీవాణ్ణే మగాడిలా ఉండమనండి’ అని వార్డెన్ అంటే తలూపి వచ్చేయకండి, దయచేసి.

వాడు గేనా కాదా అని గుచ్చి గుచ్చి అడక్కండి. చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు. అయినా స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. ‘మార్చేస్తాం’ అనేవాళ్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు.