శనివారం ఆఖరి పీరియడ్ గురించి మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన పీపీటీ చూశాను. 46 స్లైడ్లు! ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే గైడు రాసేశావు. హెడ్మాస్టరు గారు శనివారం ఆఖరి పీరియడ్ ఇచ్చి ఫోన్ల గురించి, ఫేక్ న్యూస్ గురించి చెప్పమన్నారంటే నీ మీద నమ్మకం ఉన్నట్టే. కానీ ఆ స్లైడ్లు వద్దు. "తప్పుడు సమాచారంలో రకాలు" అని నువ్వు బోర్డు మీద రాస్తే ఎనిమిదో తరగతి పిల్లలు నోట్సు రాసుకుంటారు, బట్టీ కొడతారు. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి "11 మందికి పంపితే శుభవార్త వింటారు" అన్న దేవుడి బొమ్మను 11 మందికీ పంపుతారు.

సెలవు మెసేజ్‌తో మొదలుపెట్టు. వానలు పడగానే "భారీ వర్షాల కారణంగా రేపు జిల్లాలోని అన్ని పాఠశాలలకు సెలవు" అని కలెక్టర్ గారి సంతకంతో ఒక కాగితం ఫొటో తిరుగుతుంది కదా. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఏటా వచ్చేది. ఒక్కోసారి పోయిన సంవత్సరం ఉత్తర్వే తేదీ మీద వేలు పెట్టి ఫొటో తీసినట్టు ఉండేది. పిల్లలకు ఇంతకన్నా ముఖ్యమైన వార్త లోకంలో లేదు కాబట్టి చెవులు రిక్కించి వింటారు. ఆ ఫొటో చూపించి ఒకే ఒక్క ప్రశ్న అడుగు: "ఇది నిజమైతే ఇంకెక్కడ కనిపించాలి?" కలెక్టర్ గారి అధికారిక ఖాతాలో ఉండాలి, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు నుంచి మన హెడ్మాస్టరుకు వచ్చి ఉండాలి, టీవీలో కింద స్క్రోలింగ్‌లో రావాలి అని వాళ్లే చెబుతారు. ఏ జిల్లా, ఏ తేదీ అన్నవి కూడా వాళ్లే పట్టుకుంటారు. నువ్వు చాక్‌పీసు పట్టుకుని నిలబడితే చాలు.

ఆ ప్రశ్న నా సొంతం కాదు. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 2017లో ఒక పరిశోధన బయటపెట్టారు. పీహెచ్‌డీ ఉన్న చరిత్రకారులు 10 మంది, నిజనిర్ధారణే వృత్తిగా ఉన్నవాళ్లు 10 మంది, ఆ యూనివర్సిటీ విద్యార్థులు 25 మంది. అందరికీ కొన్ని వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. చరిత్రకారులు, విద్యార్థులు ఆ పేజీలోనే కూర్చుని లోగో ఎలా ఉంది, భాష ఎలా ఉంది అని చూస్తూ చాలామంది బోల్తా పడ్డారు. నిజనిర్ధారణ వాళ్లు మాత్రం పేజీని పూర్తిగా చదవకుండానే పక్క ట్యాబులు తెరిచి, వీళ్ల గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. మనం పెళ్లి సంబంధం చూసేటప్పుడు చేసేదీ అదే కదరా. పెళ్లికొడుకు బయోడేటాను ఎన్నిసార్లు చదివినా లాభం లేదు, వాళ్ల పక్కింటివాళ్లను అడగాలి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు. 2018 మే నెల, ఎండాకాలం సెలవులు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఒక ఆడియో వచ్చింది. గొంతు వణుకుతోంది, ఎవరో తల్లి మాట్లాడినట్టే ఉంది. నేను రెండోసారి వినకుండానే మా వీధి గ్రూపులో పెట్టాను. నాలుగు రోజుల తర్వాత బయట కేకలు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమెను ఓ పదిహేను మంది చుట్టుముట్టారు. రెండేళ్లుగా మా వీధికి వస్తున్న మనిషే, మా ఇంట్లో గిన్నెలన్నీ ఆమె ఇచ్చినవే. గంప బోర్లించి వెతుకుతున్నారు. నేను అడ్డం వెళ్తే, నా దగ్గరే పది చదివిన కుర్రాడు "మీరే పెట్టారు కదా మేడం గ్రూపులో" అన్నాడు. ఆమెను లోపలికి తీసుకొచ్చి తలుపు వేశాను. పోలీసులు వచ్చేదాకా ఆమె చేతిలో నీళ్ల గ్లాసు వణుకుతూనే ఉంది, తాగలేదు. మళ్లీ మా వీధికి రాలేదు.

ఆ కుర్రాడు ఆ ఆడియోలో ఉన్న గొంతును నమ్మలేదురా, నన్ను నమ్మాడు. సోషల్ మేడం పంపింది కాబట్టి నిజమే అనుకున్నాడు. టీచర్ల ఫార్వర్డ్‌కు ఉండే బరువు అది. నువ్వు నీ పీపీటీలో ఈ మాట ఎక్కడా రాయలేదు.

అదే ఏడాది జూలైలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరును బీదర్ జిల్లా ముర్కి దగ్గర కొట్టి చంపారు. వాళ్ల బృందంలో ఒకరు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు, అంతే. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. అది నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార వీడియో. చివర్లో పిల్లాణ్ని తిరిగి దింపి, జాగ్రత్తగా ఉండమని రాసిన బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి వదిలారు.

మా వైపు మాత్రం ఒక మంచి పని జరిగింది. అప్పట్లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. ఊరికో పోలీసును కేటాయించి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి ఈ వదంతుల గురించి చెప్పించారు. వాట్సాప్‌లో వచ్చినదానికి వాట్సాప్‌లోనే జవాబు పెట్టి ఊరుకోలేదు, రచ్చబండ దగ్గరికి వెళ్లారు. నీకు పాట రాకపోతే తెలుగు మాస్టారిని అడుగు. డప్పు కొట్టేవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు.

ఇక ఒక అభ్యాసం. మధ్యాహ్న భోజనం అయిపోయాక ఖాళీ గంగాళం ఫొటో తీయి. కింద "ఈ బడిలో పిల్లలకు అన్నం లేదు" అని రాసి చూపించు. ఫొటో నూటికి నూరుపాళ్లు నిజం, ఎక్కడా మార్ఫింగ్ లేదు, మాట మాత్రం పచ్చి అబద్ధం. అన్నం తిని చేతులు కడుక్కుని వచ్చిన పిల్లలకు ఇది గంట ఉపన్యాసం కన్నా బాగా ఎక్కుతుంది. ఆ ఫొటోను మాత్రం అక్కడికక్కడే డిలీట్ చెయ్యి. అది బయటికి పోయిందంటే నీకు మెమో ఖాయం, వంటమ్మకు ఏడుపు ఖాయం.

పాత ఫొటోను కొత్తదిగా చూపించడమే ఎక్కువ. దానికి ఫొటో పెట్టి వెతికే గూగుల్ లెన్స్ చాలు, నీ ఫోను ఒక్కటి చాలు. అదే ఫొటో అంతకుముందు ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో చూపించు. హైదరాబాద్‌లోని నిజనిర్ధారణ సంస్థ ఫ్యాక్ట్‌లీ వాళ్లు తెలుగులో కూడా రాస్తారు, అదీ చూపించు. పథకాల లింకులు వచ్చినప్పుడు అడ్రసులో https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు భాగం చుక్కతో సహా .gov.in అని ముగుస్తోందా లేదా చూడమను. ఓటీపీ సంగతి, పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదన్న సంగతి, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్న సంగతి ఒక్క పీరియడ్‌లో ముగించు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

పిల్లలు ఏఐని అడిగి హోంవర్కు రాస్తున్నారని వాపోయావు. తిట్టకు. మీ ఊరి చెరువు చరిత్ర చెప్పమని దాన్నే అడిగించు. ఎంత ధీమాగా చెబుతుందో, అందులో ఎంత కల్పనో ఆ చెరువులో ఈత కొట్టే పిల్లలకు నీకన్నా బాగా తెలుస్తుంది.

ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్త. నాలుగు వారాలు ఇవన్నీ చూపించాక ఏ మెసేజ్ చూపించినా "ఫేక్ సార్" అని అరిచే పిల్లలు తయారవుతారు. తెలివి పెరిగిందని మురిసిపోకు. అన్నీ నమ్మేవాడూ, ఏదీ నమ్మనివాడూ ఇద్దరూ వెతికే పని మానేసినవాళ్లే. అందుకని ప్రతి వారం ఒక నిజమైన వార్తను కూడా కలుపు, వింతగా ఉన్నదాన్ని. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగాడన్న వార్త ఒక్క రోజులో దేశమంతా పాకింది, అప్పుడు మన చేతుల్లో ఫోన్లే లేవు. నేనూ, మీ నాన్నా చెంబు పట్టుకుని క్యూలో నిలబడ్డాం. చెంచాలో పాలు తగ్గడం నా కళ్లతో చూశాను, అది నిజం. ఎందుకు తగ్గాయన్నది వేరే సంగతి. తలతన్యత గురించి సైన్స్ మేడంతో చేయించి చూపించు.

ఆడపిల్లలతో మాత్రం విడిగా, ఒక మేడంను కూర్చోబెట్టుకుని మాట్లాడు. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొకరి వీడియోకు అతికించారు, గుర్తుందా? అంత పేరున్నమ్మాయికే తప్పలేదు. మన పిల్లల ఫొటోతో ఎవడైనా అలా చేస్తే ఇంట్లో చెప్పరు. ఫోన్ లాక్కుంటారని, చదువు మాన్పిస్తారని, పెళ్లి చేసేస్తారని భయం. ఆ భయమే వాడికి బలం. "నీ తప్పు లేదు, ముందు నాకు చెప్పు, స్క్రీన్‌షాట్ తీసి ఉంచు" అని నువ్వు ముందే చెప్పి ఉండాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, సైబర్ నేరాల 1930 నంబర్లు, ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ సంగతి బోర్డు మీద రాసి వదిలేయకుండా, ఎవరితో కలిసి ఫిర్యాదు ఇవ్వాలో కూడా చెప్పు.

చివరిగా ఇళ్ల సంగతి. పిల్లలు ఇది నేర్చుకుని వెళ్లి తాతను ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ "అది ఫేక్" అంటే తాత ఇంకా నాలుగు పెడతాడు. పక్కన కూర్చుని, "తాతా, ఇది ఎక్కడ వచ్చిందో చూద్దామా" అనమను. 2020లో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టి చికెన్ కొనేవాడు లేకపోతే, ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో అప్పటి మన మంత్రులు వేదికెక్కి చికెన్ తిన్నారు. వాదించలేదు, తిన్నారు.

అన్నట్టు, మీ అమ్మ నిన్న గ్రూపులో ఉల్లిపాయ సాక్సులో పెట్టుకుంటే జ్వరం పోతుందని పెట్టింది. నేను ఏమన్నా అంటే వదినా మరదళ్ల గొడవ అవుతుంది. ఈ ఆదివారం ఇంటికి వెళ్తున్నావు కదా, పక్కన కూర్చుని నువ్వే చూసుకో.

మీ అత్త