నాన్నగారి పాత .32 రివాల్వర్‌కి చెక్కుడు పిడి వేయిస్తే బాగుంటుందా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి కాన్పూర్ .32 రివాల్వర్ లైసెన్సు మీ పేరుకి మారింది, దానికున్న నల్ల ప్లాస్టిక్ పిడి తీసేసి ఏనుగు దంతంలా తెల్లగా ఉండేది గానీ, శంఖచక్రాలు చెక్కిన ఎర్రచందనం గానీ వేయించాలనుంది, అందం చూసుకోవాలా పట్టు చూసుకోవాలా, తిరుపతి చుట్టుపక్కల ఎవరు చేస్తారు అని. నాకూ అదే రకం రివాల్వర్ ఉంది, మా నాన్న నుంచి వచ్చిందే. చిత్తూరు పక్కన మామిడి తోటలో కాపలాకని ఆయన తీసుకున్నారు. దానికి నేను చెక్క పిడి చేయించుకుని వాడుతున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ముందు ఎర్రచందనం సంగతి. వద్దన్నా, దాని జోలికి పోవద్దు. అది మన శేషాచలం కొండల్లోనూ ఆ చుట్టుపక్కలా తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు, 1995 నుంచి సైటిస్ అనే, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అటవీశాఖ కాగితం లేకుండా అరచేతి ముక్క దొరికినా మన జిల్లాలో అది కేసే, అందులోనూ ఆ ముక్క తుపాకీకి బిగించి ఉంటే మీరు ఎవరికి ఏమని సర్దిచెప్పుకుంటారు? పైగా దాని రంగు స్పిరిట్ తగిలితే వదులుతుంది. తుపాకీ తుడిచే మందుల్లో అలాంటివే ఉంటాయి.

ఏనుగు దంతం అసలు మాటే వద్దు. 1972 వన్యప్రాణి చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో మన దేశంలో దాని వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. దుప్పి కొమ్ము, కణితి కొమ్ము కూడా అంతే, ఇంట్లో పాతది ఉంది కదా అని కోయించకండి. దంతంలా కనిపించే రెసిన్ దొరుకుతుంది, దానికి చట్టం అడ్డు లేదు, కానీ నున్నగా ఉంటుంది. దంతం పిడి బాగుందని మీరు చెప్పిన ఫొటోలోని, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా జనరల్ పాటన్ కోల్ట్ రివాల్వర్ ఆయన 1916లో కొన్నది, దానికున్నది నిజం దంతమే. అయితే అది సింగిల్ యాక్షన్. ప్రతిసారీ గుర్రాన్ని, అంటే తూటాని పేల్చే వెనకవైపు సుత్తిని, బొటనవేలితో వెనక్కి లాగాలి, పేలినప్పుడు ఆ వంపు పిడి చేతిలో కొంచెం దొర్లి పైకి లేస్తుంది, అప్పుడు బొటనవేలు నేరుగా గుర్రానికి అందుతుంది. అందుకే దానికి నునుపు సరిపోయింది. మన .32ని డబుల్ యాక్షన్‌లో, అంటే గుర్రాన్ని కూడా ట్రిగ్గర్‌తోనే లేపేలా వాడితే, ట్రిగ్గర్ బాగా గట్టిగా, చాలా దూరం లాగాలి, ఆ లాగుడులో పిడి అరచేతిలో ఏమాత్రం జారినా ముందు కొన పక్కకి పోతుంది. గుండు చిన్నదే, వెనక్కి కొట్టే దెబ్బ పెద్దగా ఉండదు, కానీ ఇక్కడ గురి తప్పేది దెబ్బ వల్ల కాదు, ఆ లాగుడు వల్ల. మే నెల తిరుపతి ఎండలో చెమట చేత్తో ముత్యపు చిప్ప పిడో వెండి తొడుగు పిడో పట్టుకుని చూడండి, తడిసిన సబ్బు పట్టుకున్నట్టే ఉంటుంది.

కాబట్టి నా మాట ఒకటే: అందం చెక్క చేవలో ఉండనివ్వండి, చేయి నొక్కే చోట నగిషీ పెట్టకండి. మంచి జిట్రేగి చేవ ముక్క తీసుకుంటే ఆ ముదురు ఊదా రంగులో నల్ల చారలే చాలు, వేరే అలంకారం అక్కర్లేదు. చింత చేవ కూడా గట్టిది, కానీ దాని మీద సన్న పని చేయాలంటే ఉలి మొండికేస్తుంది. టేకు చూడ్డానికి బాగుంటుంది గానీ పొరలు పెద్దవి, సన్న అంచుల దగ్గర పెచ్చు లేచిపోతుంది. రబ్బరు పిడి పట్టుకి చాలా మంచిది, కాదనను, కానీ అది చొక్కాని పట్టుకుని లాగుతుంది, నూనె తగిలి తగిలి కొన్నేళ్ళకి జిగురుగా తయారవుతుంది. మన మోడల్‌కి సరిపోయేది దొరకడం కూడా కష్టమే. విదేశీ సైట్లలో కనిపించేవన్నీ కోల్ట్‌కి, స్మిత్ అండ్ వెస్సన్‌కి కొలిచి చేసినవి, మన రివాల్వర్ ఫ్రేమ్‌కి, అంటే ఇనుప చట్రానికి, కూర్చోవు. అక్కణ్ణించి తెప్పించుకుంటే కస్టమ్స్‌లో ఆగిపోతుందేమోనన్న టెన్షన్ వేరే, ముందు లైసెన్సు ఉన్న డీలర్‌ని అడగండి.

పట్టు కోసం గళ్ళ గీతలు వేయించండి, అంగుళానికి 18 నుంచి 20 గీతలు చాలు. అంతకంటే సన్నగా వేస్తే చూడ్డానికి పట్టుబట్టలా ఉంటుంది కానీ మట్టి, చెమట నిండిపోయి పట్టే పోతుంది. నగిషీ అంత ఇష్టమైతే పిడి అడుగు భాగంలో, చిటికెన వేలు కిందకి వచ్చే చోట చిన్న మామిడాకో, నాన్నగారి పేరులో మొదటి అక్షరమో పెట్టించుకోండి. శంఖచక్రాలు మాత్రం వద్దని మనస్ఫూర్తిగా చెప్తున్నాను. ఎంగిలి చేయి, చెమట చేయి, ఏ చేయి ఎప్పుడు పడుతుందో తెలియని చోట స్వామి గుర్తులు పెట్టి దాన్ని నడుముకి కట్టుకోవడం నాకైతే మనసొప్పదు. కొండకి పోయేటప్పుడు అలిపిరి తనిఖీ దగ్గర ఆయుధం ఎలాగూ దాటనివ్వరు, ఇంట్లో పెట్టి పోవాల్సిందే.

ఎవరు చేస్తారంటారా, మన ఏర్పేడు మండలం మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కేవాళ్ళున్నారు కదా, నేను అక్కడే చేయించాను. కానీ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, తుపాకీ తీసుకుపోయి వడ్రంగి చేతిలో పెట్టకూడదు. లైసెన్సు లేని మనిషికి అప్పగించడం మీకూ తప్పే, ఆయనకీ తప్పే, ఆయుధ చట్టం ప్రకారం రిపేరు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. ఇంట్లో గుళ్ళు తీసేసి, సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులన్నీ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాత స్క్రూ విప్పి పాత పిడి చెక్కలు రెండు మాత్రమే తీసుకెళ్ళండి. ఆయనకి కావలసిన కొలతలన్నీ వాటిలోనే ఉంటాయి. లోపలి వైపున ఫ్రేమ్ మీది చిన్న పిన్ను కూర్చునే గుంట, స్క్రూ రంధ్రం, అంచు వంపు, ఈ మూడూ సరిగ్గా దించమనండి. మందం మాత్రం కొంచెం ఎక్కువ ఉంచమని చెప్పండి, తగ్గించుకోవడం మన చేతిలో పని.

చివరి అమరిక ఇంట్లో మీరే చేసుకోవచ్చు. నేను ఇలా చేశాను: దీపం మసి కొంచెం నూనెలో కలిపి ఫ్రేమ్ అంచులకి పల్చగా రాసి, కొత్త చెక్కని దాని మీద మెల్లగా నొక్కి తీస్తే ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నల్ల మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఉన్నంత మేరే బ్లేడుతో గీకాలి, మళ్ళీ నొక్కాలి. విసుగు పుట్టే పనే. కానీ చెక్కకీ ఇనుముకీ మధ్య గోరు దూరని రోజున ఆ తృప్తి వేరు. స్క్రూ బిగించేటప్పుడు బలం చూపించకండి, చెక్క చీలేది అక్కడే. పైన మెరిసే పాలిష్ వేయించకుండా కాచిన అవిసె నూనె పల్చగా రుద్ది, ఆరాక మళ్ళీ రుద్దుకుంటే చాలు. నూనె గుడ్డలు ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి బయట ఆరేయండి.

నెట్‌లో ఎడమ పక్క పిడి మందంగా ఉంటే ఖాళీ తూటాలు బయటికి తీసేటప్పుడు దానికి తగిలి ఆగిపోతాయని చదివి ఉంటారు. అది సిలిండర్ పక్కకి తెరుచుకునే రివాల్వర్ల మాట. మనది మధ్యకి మడిచి తెరిచేది, తూటాలు పైకి లేస్తాయి, ఆ బెంగ లేదు. మీరు చూసుకోవాల్సింది ఎడమ వైపు బొటనవేలు దగ్గరి లాచ్, అంటే రివాల్వర్ మడిచి తెరిచేటప్పుడు నొక్కే గడియ, చెక్క దానికి తగలకూడదు.

ఇంకోటి, పెళ్ళిలో అందరికీ కనిపించేలా పెట్టుకుంటానన్నారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. సంబరానికి గాల్లోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మీరు కాల్చకపోయినా ఆ సందడిలో పక్కవాడు చేయి పెట్టడని ఎవరు చెప్పగలరు? పిల్లలుండే చోటది.

పాత ప్లాస్టిక్ పిడి పారేయకండి. ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తే అదే బిగించి ఇవ్వండి, చెక్కవి ఇంట్లోనే భద్రంగా ఉంటాయి. అప్పుడప్పుడు పిడి విప్పి లోపలి ఇనుము తుడిచి నూనె పట్టించండి, చెమట తేమ చెక్క వెనకే దాక్కుంటుంది, తుప్పు బయటికి కనిపించేసరికి లోపల గుంటలు పడి ఉంటాయి.

చెక్క తెచ్చుకునే ముందు ఒకసారి ఖాళీ రివాల్వర్ పట్టుకుని, మణికట్టు తిన్నగా పెట్టి చూడండి: చూపుడు వేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీదకి వస్తోందా, ట్రిగ్గర్ గార్డు వెనక ఖాళీలో మధ్యవేలు కణుపు తగులుతోందా. తగులుతుంటే ఆ ఖాళీ నిండేలా ముందు వైపు కొంచెం చెక్క ఎక్కువ ఉంచమనాలి. ఈ రెండూ చూసి రాయండి, మీ చేయి పెద్దదో చిన్నదో కూడా రాస్తే మందం ఎంత ఉంచమనాలో చెప్తాను.