తీగలు మారిస్తే పాట మారుతుందా?

ప్రశ్న: మావారికి పాటలంటే ప్రాణం. హాల్లో ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు ఉన్నాయి. ఇప్పుడు కేబుళ్లన్నీ మార్చాలంటున్నారు. వాటి ఖరీదు దాదాపు స్పీకర్లంత ఉంది. అంత అవసరమా అని అడిగితే ‘నీ చెవులకు తేడా తెలియదులే’ అనేశారు. అప్పటి నుంచి ఇద్దరం ముక్తసరిగా మాట్లాడుకుంటున్నాం. ఆయన సరదా కాదనాలని లేదు, డబ్బు నీళ్లపాలవుతుందేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, కేబుళ్ల సంగతి వేరు, ఆ మాట సంగతి వేరు. మొదటిది తేలిక, ముందు దాన్ని తేల్చేద్దాం.

స్పీకర్ కేబుల్ పని కరెంటును మోయడం. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ మూడు మీటర్లు వేస్తే, రానూపోనూ కలిపి దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, దాదాపు 0.04 ఓమ్. స్పీకర్ 8 ఓమ్‌లదైతే అందులో ఇది అరశాతం. 5 శాతం లోపు ఉంటే చాలని ఈ రంగంలో వాడే లెక్క. వెండి తీగ రాగి కన్నా కొంచెం మెరుగే, కానీ ఇంకాస్త లావు రాగి తీగ వేసినా అదే ఫలితం. టీవీకి పెట్టే హెచ్‌డీఎంఐ అయితే డిజిటల్. సిగ్నల్ సరిగా అందితే అంతా అందినట్టే. అందకపోతే తెరమీద చుక్కలు మెరుస్తాయి, శబ్దం తెగుతుంది. ఖరీదైన తీగ గాయని గొంతును ఇంకాస్త తియ్యగా చేయలేదు.

మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. తీగ కదిలిస్తే గరగర వచ్చినా, ఒక స్పీకర్ ఉండుండి మూగబోయినా, పిన్ను వదులైనా, రాగి కొస నల్లబడినా మార్చాల్సిందే. ముందు ఆంప్లిఫయర్ ఆపేసి ఇద్దరూ స్పీకర్ల వెనక చూడండి. ఎరుపు, నలుపు స్క్రూలు ఒక స్పీకర్‌కు తారుమారై ఉంటే బేస్, అంటే పాటలోని లోతైన శబ్దం, పలచబడుతుంది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చుండదు. విడిపోయిన రాగి పోగు పక్క స్క్రూకు తగులుతోందేమో కూడా చూడండి, తగిలితే ఆంప్లిఫయర్‌కే ముప్పు.

ఇక మీవారి సంగతి. తేడా వినిపిస్తోందని ఆయన అంటే అబద్ధం చెబుతున్నారని అనుకోకండి. కొత్త వస్తువు మీద ఆశ పెట్టుకుంటే చెవి కూడా ఆశపడుతుంది. పైగా వాల్యూమ్ రవ్వంత పెరిగినా మనకు అది ‘బాగుంది’ అనే అనిపిస్తుంది. అందుకే చూడకుండా వినాలి. నచ్చకపోతే వెనక్కి తీసుకునే చోట ఒక జత తెప్పించండి. ఆయన అటు తిరిగి కూర్చుంటారు, మీరు బొమ్మా బొరుసూ వేసి పాతదో కొత్తదో తగిలిస్తారు. పాట అదే, వాల్యూమ్ అదే. మార్చే ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆపాలి. పాతదే వచ్చినా ఊడదీసి మళ్లీ పెట్టండి, లేకపోతే చప్పుడును బట్టి కనిపెట్టేస్తారు. పదిసార్లలో తొమ్మిదికి తగ్గకుండా సరిగ్గా చెబితే నిజంగా వినిపిస్తున్నట్టే లెక్క. ఊరికే ఊహించి తొమ్మిదో పదో కొట్టే అవకాశం నూటికి ఒకటే. తర్వాత ఆ కుర్చీలో మీరు కూర్చోండి, తీగలు ఆయన్ని మార్చమనండి. చెవుల సంగతి ఇద్దరికీ తెలుస్తుంది.

ఆ మాట నొప్పించిందని మాత్రం ఆయనకు నేరుగా చెప్పండి. ‘కేబుళ్ల గురించి ఎంతైనా వాదించండి, నన్ను మాత్రం తీసిపారేయకండి’ అంటే చాలు. నా జవాబు తీసుకెళ్లి ‘చూశారా, నేను చెప్పలేదా’ అనడం మాత్రం వద్దు. అలా చేస్తే ఆయన పంతానికి పోయి ఇంకా ఖరీదైనవి కొంటారు!

శబ్దం నిజంగా బాగుపడాలంటే కేబుళ్ల కన్నా గది ముఖ్యం. స్పీకర్లను గోడకు కాస్త దూరం జరపండి, మీరు కూర్చునే చోటుకు రెండూ సమాన దూరంలో ఉండాలి. నేల మీద తివాచీ, కిటికీకి మందపాటి తెర వేసినా ప్రతిధ్వని తగ్గుతుంది. ఆ తేడా మీకూ వినిపిస్తుంది.

పరీక్ష పెట్టుకునే ముందే ఒక ఒప్పందం చేసుకోండి. తేడా తేలకపోతే కేబుళ్లు తిరిగి వెళ్లిపోవాలి. అయినా కావాలంటే ఆయన తన చేతిఖర్చులోంచి కొనుక్కోవాలి, అప్పుడు మీరు దెప్పకూడదు. ఇంటి డబ్బు తీయాలంటే ఇద్దరూ సరేననాలి.