నౌన్ ఏదో వెర్బ్ ఏదో చూసుకో తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన ఇంగ్లీష్ కథ చదివా. మారతహళ్లి పీజీ, రూమ్మేట్ల గొడవలు బాగా వచ్చాయి, అక్కడ నేనేం వేలు పెట్టను. కానీ 'సలహా ఇచ్చాడు' అనాల్సిన ప్రతిచోటా అడ్వైస్‌ని చివర సీఈ అక్షరాలతోనే రాశావు. సీఈ ఉంటే నౌన్, ఎస్ఈ ఉంటే వెర్బ్, పలకడం కూడా నౌన్‌కి స, వెర్బ్‌కి జ. డివైస్, డివైజ్ కూడా అంతే. ప్రాక్టీస్‌కి మాత్రం సౌండ్ మారదు, బ్రిటిష్ వాళ్లు వెర్బ్‌కి ఎస్ఈ రాస్తారు, అమెరికా వాళ్లు రెండిటికీ సీఈనే. నీ కథలో రెండు పద్ధతులూ ఉన్నాయి, ఏదో ఒక దేశం ఎంచుకో.

అసలు ఈ తికమక మన 'చెయ్యి' వల్లే అని నా అనుమానం. ఏ ఇంగ్లీష్ మాటైనా తెచ్చి పక్కన చెయ్యి తగిలిస్తే పనైపోతుంది, ఫోన్ చెయ్యి, డిలీట్ చెయ్యి, టిఫిన్ చెయ్యి, ముందున్నది నౌనా వెర్బా ఎవరు చూస్తారు. మీ బెంగళూరు బస్సులో 'స్వల్ప అడ్జస్ట్ మాడి', అంటే కొంచెం అడ్జస్ట్ చెయ్యండి, అన్నా ఇదే సంగతి. సొంత మాటలైతే ఆడు ఆట, పాడు పాట, ఓడు ఓటమి అని చిన్నపిల్లాడు కూడా తడుముకోడు.

ఇంకోటి, నన్నడిగితే ఇదే పెద్దది. 'డిస్కస్ అబౌట్' అని రాశావు చూడు, అది ఆఫీస్ మెయిల్స్ నుంచి అంటుకున్నట్టుంది. డిస్కషన్‌కి అబౌట్ కావాలి, డిస్కస్‌కి అక్కర్లేదు. రిక్వెస్ట్ నౌన్ అయితే వెనక ఫర్ వస్తుంది, వెర్బ్ అయితే రాదు. ఎంఫసిస్‌కి ఆన్ ఉండాలి, ఎంఫసైజ్‌కి వద్దు. మనం 'దాని గురించి డిస్కస్ చేద్దాం' అంటాం కదా, ఆ 'గురించి'నే అబౌట్ అయి కూర్చుంటుంది. అందుకే వెర్బ్ రాసినప్పుడల్లా దాని పక్కనున్న చిన్న మాట నౌన్‌ది కాదు కదా అని చూసుకో.

పైకి చదివి వినిపిస్తావా, అయితే రికార్డ్, ప్రెజెంట్ లాంటివాటికి నౌన్‌లో ఊనిక, అంటే ఒత్తి పలికే చోటు, మొదట, వెర్బ్‌లో చివర. అన్నీ అలా ఉండవు మళ్లీ, రిపోర్ట్, రిప్లై రెండిట్లోనూ చివరే.

ఇక 'టుక్ ఎ డెసిషన్', 'గేవ్ యాన్ ఎక్స్‌ప్లనేషన్' లాంటివి పేజీ నిండా ఉన్నాయి, డిసైడెడ్, ఎక్స్‌ప్లెయిన్డ్ అని కొట్టి రాయి, సీన్ కదుల్తుంది. మేనేజర్ డైలాగ్‌లో మాత్రం ముట్టుకోకు, ఆయన అలా మాట్లాడితేనే మేనేజర్.

ఉంటా,
అన్నయ్య