ప్రభుత్వం దగ్గర ఒక మారు తాళంచెవి ఉంటే తప్పేంటి?

పలాస నుంచి మీరు వాట్సాప్‌లో పెట్టే జీడిపప్పు రేట్లను పోలీసులు అడిగితే ఆ కంపెనీ చదివి ఇవ్వగలదా అని మీరు అడిగారు. ఇవ్వలేదు. మెసేజ్‌కి తాళం మీ ఫోన్‌లో పడి, కొనేవాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది మాత్రం దాగదు.

డిక్రిప్షన్‌కి, అంటే ఆ తాళం తీసి మెసేజ్ చదివించడానికి, సహకరించకపోతే ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు. కానీ కంపెనీ దగ్గరే లేని తాళంచెవిని చట్టం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మారు తాళంచెవి ముచ్చట అమెరికా 1993లోనే క్లిప్పర్ చిప్‌తో మొదలెట్టింది; అది ఫోన్ మాటలకు తాళం వేసే చిప్, మారు తాళంచెవి ప్రభుత్వం దగ్గర ఉండేలా చేసింది. ప్రభుత్వానికి చిక్కకుండానే దాన్ని వాడుకోవచ్చని మాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ పరిశోధకుడు మరుసటి ఏడాదే చూపించాడు. పైగా అలాంటి తాళంచెవుల గుత్తి దొంగ చేతికి చిక్కితే అందరి ఇళ్లూ గుల్లే. కేసుల్లో పోలీసుల ఇబ్బంది నిజమే, అయినా నేను దీనికి ఒప్పుకోను.

అన్నట్టు, మీ చాట్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ (ఈ తాళమే) ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి.