ఎడారి చిత్రాలు, మ్యూజియం కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. చిత్రకళలో డిగ్రీ పూర్తయి రెండేళ్లయింది. నిరుడు మాఘమాసంలో జైసల్మేరు వెళ్లి ఇరవై రోజులు ఉండి వచ్చాను. అప్పటి నుంచి ఎడారి తప్ప మరేదీ గీయాలనిపించడం లేదు. ఇంట్లో వాళ్లు "కోనసీమలో పుట్టి ఇసుక బొమ్మలేమిట్రా" అంటున్నారు. ఇప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల పేటికల్లో పెట్టే జంతువుల ప్రదర్శనలకు వెనుక తెరలు చిత్రించే పని వచ్చేలా ఉంది. అందులో చేరితే నా సొంత చిత్రాలు మూలపడతాయేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చేరండి. నేను కూడా ఇరవై ఏళ్లకు పైగా ఆ అద్దాల పేటికల లోపల కూర్చుని కుంచె పట్టినవాణ్ణే కాబట్టి ఈ మాట తేలిగ్గా అనడం లేదు. ఎడారిని గీసే చేయికి మ్యూజియం పని అడ్డు కాదు, అభ్యాసం.

మీలాంటి సందేహం వచ్చినవారికి నేనెప్పుడూ విలియం రాబిన్సన్ లీ కథ చెబుతుంటాను. ఆయన 1866లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టాడు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఏళ్ల తరబడి చిత్రకళ నేర్చుకుని, తిరిగి వచ్చి న్యూయార్క్‌లో పత్రికలకు బొమ్మలు వేస్తూ బతికాడు. నలభయ్యో ఏట, 1906లో గాని ఆయన పడమటి ఎడారుల బాట పట్టలేకపోయాడు. అది కూడా శాంటా ఫే రైల్వే వారు ఉచితంగా ప్రయాణం ఇస్తే, బదులుగా గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయ చిత్రం గీసి ఇస్తానని ఒప్పుకుని వెళ్లిన ప్రయాణం. ఆ చిత్రం రైల్వేవారికి నచ్చి మరికొన్ని అడిగారు. అక్కడి నుంచి అరిజోనా, న్యూ మెక్సికో ఎడారులు, అక్కడి ఆదివాసులైన నవాహో, హోపీ ప్రజల జీవితం ఆయన కుంచెకు వస్తువులయ్యాయి.

ఇక్కడి నుంచి చెప్పేది మీకు అసలు పనికొచ్చే భాగం. 1926లో, అరవై ఏళ్ల వయసులో, లీ ఆఫ్రికా వెళ్లాడు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ కోసం ఆఫ్రికా జంతువుల హాలు తలపెట్టిన కార్ల్ ఏక్లీ, వెనుక తెరలకు కావలసిన దృశ్యాలను అక్కడికక్కడే చిత్రించి తెచ్చేందుకు ఆయనను వెంట తీసుకువెళ్లాడు. ఆ యాత్రలోనే ఏక్లీ కాంగోలోని మికెనో కొండ మీద జబ్బుపడి కన్నుమూశాడు. పని ఆగలేదు. లీ 1928లో మళ్లీ ఆఫ్రికా వెళ్లాడు, తిరిగివచ్చి మ్యూజియంలో కొందరు సహాయకులతో కలిసి ఆ తెరలు చిత్రించాడు. ఆ హాలు 1936లో తెరుచుకుంది, ఇప్పుడు అందులో 28 దృశ్యపేటికలు ఉన్నాయి. ఆ పనికి లీ దగ్గర ఉన్న అర్హత ఎడారే. మైళ్ల కొద్దీ ఖాళీని, దానిమీది వెలుగును చదునైన గుడ్డ మీద నిలబెట్టడం ఆయన ఎడారిలో నేర్చుకున్నాడు. హాలులో తన పని ముగిశాక తన ఎడారుల దగ్గరికే తిరిగివెళ్లి, 1955లో చనిపోయేవరకు గీస్తూనే ఉన్నాడు. సొంత చిత్రాలు మూలపడలేదు.

మీరు జాగ్రత్తపడవలసింది ఒక్క విషయంలో. కొలువు మీ పగటి వెలుగును తీసుకుంటుంది. ఉదయం, సాయంత్రం రెండు పూటల మంచి వెలుగు మీ సొంతానికి మిగలాలి, ఏడాదికి ఒకసారైనా గీయవలసిన అసలు చోటికి పంపాలి అని చేరేముందే అడగండి. జీతం గురించి బేరమాడినంత గట్టిగా ఈ రెండింటి గురించీ అడగండి.

"కోనసీమలో పుట్టి" అన్న మీవాళ్ల మాటలో నిందను పక్కన పెడితే నిజమైన చిక్కు ఒకటి ఉంది. మన డెల్టాలో పెరిగిన కంటికి గాలి అంటే తడిగాలే. ఏటిగట్టు మీద నిలబడి అవతలి లంకల వైపు చూస్తే, దగ్గరి కొబ్బరితోట ముదురు పచ్చగా, దాని వెనుకది నీలం కలిసిన పచ్చగా, ఆ వెనుకది పొగ మాదిరి కనబడుతుంది. గాలిలోని తేమ వెలుగును చెదరగొడుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ రంగు పలచబడి అంచులు కరిగిపోతాయి. పుట్టినప్పటి నుంచి మీ కన్ను దూరాన్ని ఈ లెక్కతోనే కొలుస్తోంది. గోదావరినీ తూర్పు కనుమలనూ గీసిన మన దామెర్ల రామారావు గారి చిత్రాల ముందు, రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో కాసేపు నిలబడితే ఈ తడిగాలి మీకు తెలుస్తుంది. 1897లో పుట్టి 1925లోనే వెళ్లిపోయిన ఆ మహానుభావుడి చేతిలో అది ఎంత సహజంగా ఒదిగిందో చూడండి.

చలికాలపు ఉదయం, గాలి తేటగా ఉన్నప్పుడు ఎడారిలో ఈ లెక్క తప్పుతుంది. ఎంతో దూరాన ఉన్న గుట్ట అంచు కూడా కత్తితో కోసినట్టు కనబడుతుంది. డెల్టా నుంచి వెళ్లిన చిత్రకారుడు అలవాటుకొద్దీ దానికి నీలం పులిమి, అంచు మెత్తబరుస్తాడు, ఇంటికి వచ్చి చూసుకుంటే అది పాపికొండల మాదిరి ఉంటుంది. నా మొదటి ఎడారి చిత్రాలన్నీ అలాంటివే. వాటిని ఇప్పటికీ పారేయలేదు, శిష్యులకు చూపించడానికి దాచాను.

మరొక సంగతి. అరిజోనా చిత్రాల ఫొటోలు చూసి, థార్ ఆకాశానికి కూడా ఏడాది పొడుగునా ముదురు నీలం వేయవద్దు. మే, జూన్ నెలల్లో అక్కడ దుమ్ము లేచి ఆకాశం పాలిపోతుంది, దిగంతం దగ్గర నీలమన్నదే ఉండదు. మీరు చూసింది మాఘమాసపు థార్ మాత్రమే. వేసవిలో ఒకసారి, తొలి వాన పడ్డాక ఒకసారి వెళ్లి రండి.

ఇసుక మీది నీడ గురించి మాత్రం అంత దూరం పోనక్కరలేదు. రోహిణి కార్తెలో ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన ఇసుక తిన్నెలు తేలినప్పుడు, ఉదయం ఎనిమిదింటికి ఒక కర్ర గుచ్చి దాని నీడను గీయండి. గంట గంటకూ గీయండి. నీడలో నలుపు లేదని పది రోజుల్లో మీకే తెలుస్తుంది. ఎండ తగలని ఆ చోట పైనుంచి ఆకాశపు నీలం పడుతుంది, పక్కనున్న ఎండ ఇసుక నుంచి పసుపు వెలుగు లోపలికి కొడుతుంది. నీలం, పసుపు కలిసినా అక్కడ ఆకుపచ్చ రాదు, ఒకచోట చల్లని ఊదా, మరొకచోట వెచ్చని బూడిద కనబడతాయి. ఆ రెండింటి మధ్య హద్దు ఎక్కడ మారుతుందో పట్టుకోగలిగిన రోజున జైసల్మేరుకు టికెట్ తీసుకోండి.

ప్రశ్న: నేను నరసాపురం ప్రాంతంలో ఉపాధ్యాయురాలిని. పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లినప్పుడు ఒక మ్యూజియంలో అద్దం వెనుక ఎడారి దృశ్యం చూశాం. ఆ గది లోతు నాలుగైదు అడుగులే అన్నారు, కానీ ఇసుక దిబ్బలు మైళ్ల దూరం సాగిపోతున్నట్టు ఉన్నాయి. ఇది ఎలా చేస్తారని పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను.

జవాబు: అమ్మా, దానిని డయోరామా అంటారు. వెనుక గోడకు మూలలు లేకపోవడమే అందులో మొదటి రహస్యం. మూల కనబడితే కన్ను అది గది అని పట్టేస్తుంది కాబట్టి గోడను అర్ధచంద్రాకారంగా వంచి, పైకప్పులోకి కూడా గుమ్మటంలా కలిపేస్తారు. భూమీ ఆకాశమూ కలిసే గీతను చూసేవారి కంటి ఎత్తులో పెడతారు. పిల్లల చేత అద్దం ముందు గొంతుకూర్చోబెట్టి చూపిస్తే భ్రమ కాస్త చెదురుతుంది. ఈసారి వెళ్లినప్పుడు ప్రయత్నించండి.

వంపు గోడ మీద తిన్నగా గీసిన గీత చూసేవారికి వంకరగా కనబడుతుంది. ఈ చిక్కును శాస్త్రీయంగా విప్పినవాడు జేమ్స్ పెర్రీ విల్సన్. ఆయన భవన నిర్మాణ శిల్పిగా పనిచేస్తూ, ఆర్థిక మాంద్యంలో ఆ పని పోయాక, 1934లో నేను పైన చెప్పిన న్యూయార్క్ మ్యూజియంలోనే చిత్రకారుడిగా చేరాడు. అసలు చోట తీసిన ఫొటో మీద గళ్లు గీసుకుని, చూసేవారు నిలబడే చోటు నుంచి చూస్తే సరిగ్గా చదరంగా కనబడేలా లెక్కకట్టిన గళ్లను వంపు గోడ మీద గీసి, ఒక్కొక్క గడిలోని దృశ్యాన్ని దానికి సరిపోయే గడిలోకి మార్చేవాడు. ముగ్గుకు చుక్కలు పెట్టుకున్నట్టని పిల్లలకు చెప్పండి. చుక్కలు సరిగ్గా పడితే గీత దారి తప్పదు.

అన్నిటికన్నా కష్టమైనది ముందున్న నిజమైన ఇసుక, వెనుకనున్న రంగు ఇసుకతో కలిసే చోటు. నేను చేసిన ఒక థార్ దృశ్యానికి హార్లిక్స్ సీసాలో అక్కడి ఇసుక తెచ్చుకున్నాను. గాజుపలక మీద రంగు కలిపి, ఆ ఇసుక పక్కన పెట్టి, సరిపోయిందని సంబరపడి గోడంతా వేశాను. తీరా నేల మీద జిగురు రాసి ఇసుక చల్లితే, జిగురు పీల్చుకున్న ఇసుక నా రంగుకన్నా ముదురైపోయింది. ఆరితే తేలుతుందని రెండు రోజులు చూశాను, తేలలేదు. గోడ కింది అడుగున్నర మేర మళ్లీ వేశాను. అప్పటి నుంచి ముందుగా ఇసుకను జిగురుతో అట్ట మీద అంటించి ఆరనిచ్చి, పేటికలో వాడబోయే దీపాల కిందనే పెట్టి రంగు కలుపుతాను. కిటికీ వెలుగులో కలిపిన రంగు దీపం కింద మరో రంగు.

ఆ దృశ్యంలో మీ పిల్లలకు తెలిసిన చెట్టు ఒకటి ఉండి ఉంటుంది. రాజస్థాన్‌లో ఖేజ్రీ అనేది, దసరాకు మనం పూజచేసే జమ్మిచెట్టే. ఎడారి మేకలు అందినంత ఎత్తు వరకు కొమ్మలు మేసేస్తాయి కాబట్టి అక్కడ దాని అడుగు కత్తిరించినట్టు ఉంటుంది. ఇలాంటి వివరం తప్పిపోతే ఆ దృశ్యం చూసిన రాజస్థానీ పిల్లవాడికి అది తన ఊరు కాకుండా పోతుంది.

ఈ తెరలు చాలావరకు గోడ మీదనే వేసినవి కావడంతో వాటిని ఊడదీసి మరొకచోటికి తరలించడం చాలా కష్టం, నిప్పంటుకుంటే కాపాడుకోలేం. ఢిల్లీలో 1978లో మొదలైన జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియం 2016 ఏప్రిల్ 26న కాలిపోయింది. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఈ రంగంలోకి వెళ్తానంటున్నాడు. ఏం చదవాలి? బతకగలడా? (ఒక తండ్రి, రావులపాలెం)

జవాబు: చిత్రకళలో డిగ్రీ అవసరం. అది విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్‌లోనూ ఉంది. మ్యూజియం శాస్త్రం విడిగా చదవాలనుకుంటే బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో 1952 నుంచే ఆ విభాగం ఉంది. ప్రభుత్వ మ్యూజియంలలో, సైన్స్ కేంద్రాలలో చిత్రకారుల ఉద్యోగాలు తక్కువ, ప్రకటనలు అరుదు. ప్రదర్శనలు తయారుచేసి ఇచ్చే ప్రైవేటు సంస్థల దగ్గర కాంట్రాక్టు పనులే ఎక్కువగా దొరుకుతాయి. ఎడారి చిత్రాలు అమ్ముకునే బతకగలడని నేను మీకు మాట ఇవ్వలేను. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు కూడా రాయించండి, పాఠాలు చెప్పుకునే దారి తెరిచి ఉంటుంది.

ప్రశ్న: జైసల్మేరులో గీసి తెచ్చిన ఆయిల్, వాటర్ కలర్ చిత్రాలు కాకినాడలోని మా ఇంట్లో ఒక్క వర్షాకాలానికే మచ్చలు పడ్డాయి. అక్కడి వాళ్ల ఇళ్లలో బాగానే ఉంటున్నాయి. ఏం చేయాలి?

జవాబు: అది బూజు. గాలిలో తేమ అరవై అయిదు శాతం దాటి నిలిచిపోతే కాగితం మీదా గుడ్డ మీదా బూజు పెరుగుతుంది, మన వర్షాకాలంలో తేమ అంతకన్నా ఎక్కువగానే ఉంటుంది. ముందుగా చిత్రాలను బయటి గోడ మీద నుంచి తీసి ఇంటి లోపలి గోడకు మార్చండి. వాన తడి పీల్చిన గోడే అన్నిటికన్నా పెద్ద శత్రువు. చట్రం వెనుక నాలుగు మూలలా సీసా బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ చిత్రానికీ మధ్య గాలి ఆడుతుంది. వాటర్ కలర్ కాగితం అద్దానికి తగలకుండా మధ్యలో మందపాటి అట్ట చట్రం పెట్టించండి. కర్పూరం, కలరా ఉండలు పెట్టడం వల్ల తేమ తగ్గదు.

ఆయిల్ చిత్రాన్ని చుట్టి దాచవలసి వస్తే రంగు వైపు బయటికి ఉండేలా, లావుపాటి గొట్టం మీద చుట్టండి. లోపలికి చుడితే రంగు పొర నలిగి పగులుతుంది. ఆయిల్ రంగు నీరు ఆరినట్టు ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. కాబట్టి చేత్తో తాకితే ఆరినట్టున్నా, కనీసం ఆరు నెలలు గడిచేవరకు వార్నిష్ పూయవద్దు. ఇప్పటికే పడిన మచ్చలను తడిగుడ్డతో తుడవకండి. ఎండ నేరుగా పడని, గాలి తగిలే వరండాలో ఒక పూట ఉంచి, బూజు పొడిగా మారాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తని కుంచెతో ఇంటి బయట దులపండి. అప్పటికీ మరక మిగిలితే దాని జోలికి వెళ్లకుండా చిత్ర సంరక్షణ తెలిసినవారికి చూపించండి.